చి.ల.సౌ. మహిళా డైరెక్టర్ కుర్చీ గారికి

బోర్డు మినిట్స్ టైపు చేసే మనిషి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీరు 2013 కంపెనీల చట్టం కడుపున పుట్టారు. స్టాక్ మార్కెట్లో లిస్టయిన ప్రతి కంపెనీలోనూ, లిస్టు కాకపోయినా మూలధనం 100 కోట్లో టర్నోవరు 300 కోట్లో ఉన్న పబ్లిక్ కంపెనీలోనూ కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలన్నారు. మావాళ్ళు 'కనీసం' దగ్గర కళ్ళజోడు తీసేశారు. 'ఒక' మాత్రం స్పష్టంగా కనపడింది.

లిస్టయిన కంపెనీలకి స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన గడువు 2015 ఏప్రిల్ 1. ఆ మార్చిలో ఎన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళకి హఠాత్తుగా వ్యాపార దక్షత పుట్టుకొచ్చిందో! మా ఛైర్మన్ గారు ఎక్కువ దూరం వెతకలేదు. వంటింటి దాకా వెళ్ళి, "ఇక్కడో సంతకం పెట్టు" అన్నారు. ఊళ్ళో మహిళా సర్పంచ్ మొగుడు బండి మీద 'సర్పంచ్' అని రాయించుకుంటే నవ్వుతాం గానీ, ఆయన అల్పసంతోషి.

మేడం గారి డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్, అదే కంప్యూటరుకి గుచ్చే పుల్ల, మా అకౌంట్స్ సొరుగులో, స్టేప్లర్ పిన్నుల పక్కన ఉంటుంది. మీద స్కెచ్ పెన్నుతో 'మేడం' అని రాసుంది. పేరు రాయాలని ఎవరికీ తోచలేదు.

తర్వాత సెబీ వేసిన కోటక్ కమిటీ మాట మీద, మార్కెట్ విలువలో 2019 నుంచి మొదటి 500, 2020 నుంచి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీల్లో *స్వతంత్ర* మహిళా డైరెక్టర్, అంటే యజమానుల చుట్టం కానావిడ, ఉండి తీరాలన్నారు. మేం ఆ వెయ్యిలో లేం, దేవుడి దయ. నార్వేలో బోర్డుల్లో ఆడవాళ్ళు కనీసం 40 శాతమని తెలిసి మా ఛైర్మన్ గారు బెంగపడ్డారు, అక్కడివాళ్ళకి అంతమంది భార్యలు ఎలా దొరికారా అని.

పన్నెండు నెలలపాటు ఏ మీటింగుకీ రాకపోతే డైరెక్టర్ పదవి ఊడుతుంది. అందుకని ఏడాదికోసారి మిమ్మల్ని తుడిచి ఆవిణ్ణి కూర్చోబెడతాం. కాఫీ, జీడిపప్పు, వార్షిక నివేదికకి ఫోటో.

మొన్న ఆవిడ అజెండా కాగితాలు చదివొచ్చారు. ఆ గదిలో ఇంకెవరికీ లేని దురలవాటు. ఆరో అంశం దగ్గర ఆపి, "మరిదిగారి కంపెనీకిచ్చిన అప్పు గడువు మూడోసారి ఎందుకు పెంచుతున్నాం?" అని అడిగారు. ఏసీ చప్పుడు వినపడింది. ఛైర్మన్ గారు కప్పు ఆవిడ వైపు జరిపి, "చల్లారిపోతోంది" అన్నారు.

'సవివరంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని టైపు చేశాను.

తర్వాతి మీటింగు మినిట్స్‌లో మొదటి వాక్యం కూడా నేను టైపు చేసిందే: మేడం గారి కోరిక మేరకు గైర్హాజరుకి అనుమతి మంజూరు. ఆవిడ కోరలేదు.