మెంటార్ల శిక్షణలో సగం, జత కుదిరాకే

జైలు నుంచి విడుదలైనవారికి, మత్తు అలవాటు మానుకుంటున్నవారికి, నిలువ నీడ కోల్పోయినవారికి తోడుగా వాలంటీర్లను, అంటే మెంటార్లను, పంపే సంస్థల్లో చాలావరకు శిక్షణ ఒకే తీరు. శని, ఆదివారాలు తరగతులు, చేతికో ఫైలు, చివర సర్టిఫికెట్. సోమవారం నుంచి ఎవరి పాట్లు వారివి. తాము కలవబోయేది ఎవరినో తెలియకముందే అన్నీ చెప్పేస్తే, అవసరం పడేనాటికి ఏదీ గుర్తుండదు.

తొలి విడతకు పన్నెండు గంటలు చాలు. అందులో సగం, సలహా ఇవ్వకుండా ఉండటం నేర్పడానికే పోవాలి. సాయం చేద్దామని వచ్చినవారికి సలహా నాలుక చివరే ఉంటుంది. "మానేయాలనే ఉంది, సాయంత్రమైతే ఆగలేను" అని ఒకరంటే "వ్యాయామం మొదలుపెట్టండి" అనేస్తారు. అదెందుకు కుదరదో వాళ్లు చెబుతారు. చెప్పేకొద్దీ కుదరదన్న నమ్మకమే గట్టిపడుతుంది. 1983లో విలియం మిల్లర్ మద్యం సమస్య ఉన్నవారి కోసం ప్రతిపాదించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే సంభాషణ పద్ధతికి మూలం ఇదే: మారడానికి కారణాలు వాళ్ల నోటే రావాలి. "సాయంత్రాలే కష్టంగా ఉంటున్నాయన్నమాట" అని ఆగితే, తర్వాతి మాట వాళ్లే అందుకుంటారు.

దీన్ని ముగ్గురేసి సాధన చేయించాలి. ఒకరు మాట్లాడతారు, ఒకరు వింటారు, మూడోవారు వినేవారి నోట ప్రశ్నలు, సలహాలు, ఎదుటివారి మాటనే తిరిగి పలకడం ఎన్నేసిసార్లు వచ్చాయో కాగితం మీద వేర్వేరు గళ్లలో గీతలు పెడతారు. ఎనిమిది నిమిషాలు చాలు. మొదటిసారి సలహాల గడే నిండుతుంది. ఆ కాగితం చూసుకున్నాక ఉపన్యాసం అక్కర్లేదు.

హద్దుల సంగతీ అంతే. "అప్పు ఇవ్వొద్దు" అని రాసిస్తే సరిపోదు, "డబ్బు ఇవ్వలేను, ఈ రాత్రి భోజనం ఎక్కడ దొరుకుతుందో కలిసి చూద్దాం" అని నోటితో పలికించాలి. చిన్న మొత్తం ఇచ్చినా, తీర్చలేనివారు మొహం చాటేస్తారు. "ఎవరికీ చెప్పను" అన్న మాట మాత్రం ఎప్పుడూ ఇవ్వకూడదు. ప్రాణాపాయం ఉంటే సంస్థ సమన్వయకర్తకు చెప్పక తప్పదని అవతలివారికి తొలి భేటీలోనే తెలియాలి. ఆత్మహత్య గురించి సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అయినా అడగడానికి నోరు రాదు, అదీ సాధనతోనే వస్తుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి వచ్చినవారిపై 2007లో వెలువడిన అధ్యయనంలో, తొలి రెండు వారాల్లో మత్తుమందుల మోతాదు మించి చనిపోయే ముప్పు సాధారణ ప్రజలకంటే 129 రెట్లు ఎక్కువగా తేలింది. లోపలున్నప్పుడు శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీస్తుంది. అందుకే వాలంటీరుతో పరిచయం విడుదలకు ముందే జరగాలి.

మిగతా శిక్షణ వాలంటీరుకు, తోడు కావలసినవారికి జత కుదిరాక. తొలి భేటీ అయిన రెండు రోజుల్లో వాలంటీరుకు ఫోను, ఆపై మూడు నెలలు పదిహేను రోజులకోసారి గంటన్నర బృంద సమావేశం. వాలంటీర్లు జారుకునేది చాలావరకు ఈ దశలోనే. అవతలివారు వరసగా రెండుసార్లు రాకపోతే అవమానంగా తీసుకుంటారు. నిష్ఠూరం లేకుండా "బుధవారం అదే వేళకు అక్కడే ఉంటాను" అని సందేశం పెట్టమని అప్పుడు చెబితే ఎక్కుతుంది, ముందే చెబితే ఎక్కదు. ముప్పు తీవ్రంగా ఉన్నచోట అసలు ఒక్కరి మీదే భారం మోపకూడదు. కెనడాలో 1994లో లైంగిక నేరాలకు శిక్ష పూర్తిచేసుకున్నవారి కోసం మొదలైన సహాయ వలయాల్లో ఒక్కరి చుట్టూ నలుగురైదుగురు వాలంటీర్లు ఉంటారు.

ఇదంతా తెలిసీ రెండు రోజుల పద్ధతి సాగుతోందంటే కారణం నివేదికల్లో ఉంది. విరాళం ఇచ్చేవారు ఎందరికి శిక్షణ ఇచ్చారని అడుగుతారు. ఆరు నెలల తర్వాత ఎన్ని జతలు ఇంకా కలుసుకుంటున్నాయని అడిగేవారు తక్కువ.