లండన్‌లో ఆర్ఓ మెషీన్ దేనికండీ?

మా వీధిలో ఇంకో తెలుగువాళ్లు హైదరాబాద్ నుంచి ఆర్ఓ మెషీన్ మోసుకొచ్చారు. పెట్టెలో చోటు చాలక ఆవకాయ జాడీ తీసేసి మరీ! ఇక్కడి నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లొస్తాయని ఎవరో చెప్పారట.

లండన్ నీళ్లలో సున్నం ఎక్కువే, కాదనను. కెటిల్ అడుగున తెల్లటి పొర, టీ మీద తెట్టు. సుద్దరాతి నేలల్లోంచి వచ్చిన కాల్షియం, మెగ్నీషియం అవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీటికి ఆరోగ్యం పేరున హద్దేమీ పెట్టలేదు. కాస్త నిమ్మ ఉప్పు వేసి మరిగిస్తే కెటిల్ తళతళలాడుతుంది. గ్లాస్గో నీళ్లలో సున్నం తక్కువ, వాళ్లకు ఆ పనీ లేదు.

మన భయం ఊరికే పుట్టింది కాదు. నల్గొండ ఫ్లోరైడ్ బాధితుల్ని చూసినవాళ్లం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను తీయడానికి ఆర్ఓ పెట్టుకుంటే అర్థముంది. ఇక్కడ పెడితే మాత్రం లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు సింకులోకి పోతాయి, నీళ్ల మీటరున్న ఇంట్లో వాటికీ బిల్లే.

ఇక వారాంతాల్లో ఆర్ఓ మెషీన్లు అమ్మడానికి డెమోకొచ్చే మన బాబులు! ఒకటి కుళాయి నీళ్లది, ఒకటి ఆర్ఓ నీళ్లది, రెండు గ్లాసులు, రెండు కడ్డీలు, ఒక ప్లగ్గు. కుళాయి నీళ్లలో కడ్డీలు పెట్టగానే గోధుమరంగు బురద తేలుతుంది. "చూశారా అక్కా, మీ పిల్లలు తాగేది ఇదే!" ఆ బురద నీళ్లలోది కాదు నాయనా, నీ ఇనుప కడ్డీలోది. లవణాలుంటే కరెంటు పారి ఇనుము కరుగుతుంది, తుప్పు తేలుతుంది. ఆర్ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, అందుకే ఆ గ్లాసు తేటగా ఉంటుంది. అందులోనూ చిటికెడు ఉప్పేసి పెట్టమన్నాను. వచ్చినాయన టీ కూడా తాగకుండా బ్యాగు సర్దుకున్నాడు.

క్లోరిన్ వాసన పడకపోతే సింకు కింద 10 అంగుళాల మామూలు హౌసింగ్ (ఫిల్టర్ డబ్బా), అందులో కార్బన్ బ్లాక్ (బొగ్గు ఫిల్టర్ కాట్రిడ్జ్) చాలు. ఆ సైజు కాట్రిడ్జ్ ఎవరిదైనా పడుతుంది. సొంత సైజు కాట్రిడ్జ్ అంటగట్టే మెషీన్ చవగ్గా వచ్చినా కొనకండి, వాడి సంపాదనంతా కాట్రిడ్జ్‌ల మీదే. 1970కి ముందు కట్టిన ఇల్లయితే సీసం పైపు ఉండొచ్చు. అప్పుడు సీసాన్ని తీస్తుందని ఎన్ఎస్ఎఫ్ 53 (ఫిల్టర్ల పరీక్షా ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్నదే తీసుకోండి.

బయటి దేశం నుంచి తెప్పిస్తే, సరుకు 135 పౌండ్లు దాటితే కస్టమ్స్‌లో 20 శాతం వ్యాట్, పైన కొరియర్ వాడి ఫీజు. అమెరికా కిట్ అసలొద్దు. అక్కడి పైపు మర చుట్ల కొలత ఎన్‌పీటీ, ఇక్కడిది మన దేశంలో లాగే బీఎస్‌పీ, రెండూ వేరు. అరంగుళం సైజులో రెండు చుట్లు బాగానే తిరుగుతుంది, ఆనక ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినా చుక్కచుక్క కారుతుంది. పావంగుళం ట్యూబుదీ ఇదే తంతు: అది 6.35 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల ఫిట్టింగ్‌లో దూరదు. పైపుకు సూది గుచ్చే వాల్వ్ కిట్‌లో ఫ్రీగా వస్తే అవతల పడేసి, 15 మిల్లీమీటర్ల టీ జాయింట్ (T ఆకారపుది) వేయించండి. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌ని అడగండి, బొక్క తర్వాత.