సీఎస్‌ఈనా, ఇష్టమా? ఈ ప్రశ్న ఆలస్యంగా వేస్తున్నాం

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో టీవీ చర్చలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) లాంటి ఉద్యోగం వచ్చే కోర్సు చదవాలా, ఇష్టమైనది చదవాలా? నిజానికి అప్పటికే చాలా ఇళ్లలో నిర్ణయం అయిపోయి రెండేళ్లవుతుంది. పదో తరగతి పరీక్షలకు ముందే జూనియర్ కాలేజీ పీఆర్వో ఫోన్ చేస్తాడు, ఫీజులో రాయితీ అంటాడు, ఎంపీసీలో సీటు ఖాయమవుతుంది. అప్పటికి ఆ పిల్లవాడికి పదిహేనేళ్లు.

ఆ తర్వాత రెండేళ్లు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. తెల్లవారుజామున మొదలై రాత్రి స్టడీ అవర్స్ దాకా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ. వారాంతపు పరీక్షలు, ర్యాంకుల టెన్షన్. బొమ్మలు వేసేందుకు, ఒక నవల చదివేందుకు, ఆడుకునేందుకు టైమ్ ఉండదు. పదో తరగతి దాకా తెలుగు పాఠాలు ఇష్టంగా చదివిన అమ్మాయి కూడా, మార్కులు తేలిగ్గా వస్తాయని ఇంటర్‌లో సంస్కృతం తీసుకుంటుంది. చరిత్ర, ఆర్థికశాస్త్రం అంతకుముందే దూరమయ్యాయి. అలా రెండేళ్లు గడిపిన పిల్లల్ని కూర్చోబెట్టి ‘నీకేం ఇష్టం?’ అని అడిగితే ఏం చెబుతారు? ఇష్టం పుట్టడానికి ముందు ఆ విషయం కాస్త తెలియాలి కదా.

తల్లిదండ్రులను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, కూలికి వెళ్లే ఇళ్ల నుంచి మొదటిసారి ఇంజినీర్లు వచ్చారు. ఆ జీతాలతో అప్పులు తీరాయి, చెల్లెళ్ల చదువులు సాగాయి, ఊళ్లో స్లాబ్ ఇళ్లు లేచాయి. మొదటి జీతం కోసం ఎదురుచూసే ఇంట్లో కూర్చుని ‘నీ మనసు చెప్పిందే చదువు’ అని సలహా ఇవ్వడం అన్యాయం. ఆ సలహా ఇచ్చేవాళ్లలో చాలామందికి వెనక ఆస్తి ఉంటుంది.

అయితే అప్పటి లెక్క ఇప్పుడు చెల్లుతుందా? ప్రమాణాలున్న కాలేజీలకు బ్రాంచికి ఇన్నే సీట్లనే పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచిల్లో సీట్లు పెరుగుతున్నాయి, సివిల్, మెకానికల్ సీట్లు తగ్గుతున్నాయి. మరోవైపు పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదిహేనేళ్లుగా ఏడాదికి 3 నుంచి 4 లక్షల మధ్యే నడుస్తోంది. ఇంటద్దెలు మాత్రం అక్కడ ఆగలేదు. కోడింగ్ అంటే ఆసక్తి, మంచి కాలేజీలో సీటు రెండూ ఉన్నవాళ్లకు సీఎస్‌ఈ ఇప్పటికీ చక్కటి దారే. ఆసక్తీ లేక, చెప్పేవాళ్లూ సరిగా లేని కాలేజీలో నాలుగేళ్లు, లక్షల రూపాయలు పోసి తెచ్చుకున్న డిగ్రీని ‘ప్రాక్టికల్’ అని ఎలా అంటాం?

పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్ నగర్‌కు వెళ్లి చూడండి. ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న వాళ్లలో బీటెక్ వాళ్లు ఎంతోమంది. చరిత్ర, పాలిటీ, ఎకానమీ పుస్తకాలు కొనుక్కుని ఇరవై మూడేళ్లకు మొదటి పేజీ నుంచి మొదలుపెడుతున్నారు. బీఏలో మూడేళ్లు చదివేది ఇదే. కానీ బీఏ అంటే వేరే ఎక్కడా సీటు రానివాళ్ల చదువని ముద్ర వేశాం.

ఇష్టాన్ని కూడా గట్టిగానే పరీక్షించాలి. సినిమాలు చూడటం ఇష్టమైతే సినిమా తీయడం ఇష్టమని కాదు. ఎవరూ చెప్పకుండా గత ఏడాదిలో ఆ పని ఎంత చేశాడు, విసుగొచ్చినా మళ్లీ దాని దగ్గరికి వెళ్లాడా అన్నది చూడాలి. లెక్కలంటే భయం వల్ల పుట్టిన ‘ఇష్టాలు’ కొన్ని ఉంటాయి, అవి మొదటి సెమిస్టర్ దాటవు.

ఉద్యోగం, ఇష్టం రెండూ కలిసే దారులు ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ ఎంఎస్ కలిపి అయిదేళ్ల కోర్సు ఉంది. భాష మీద ప్రేమ ఉండి లెక్కలు కూడా వచ్చిన పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఇంటిగ్రేటెడ్ ఎంఏ చేయవచ్చు, ప్రవేశం సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి పరీక్ష సీయూఈటీతో. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతిచ్చింది. ఐఐటీ మద్రాస్ 2021లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీకి జేఈఈ ర్యాంకు అవసరం లేదు. బీఏ ఎకనామిక్స్ చదువుతూనే అది చేయొచ్చు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల్లో ఈ సంగతులు తెలిసినవాళ్లు ఎంతమంది? వీటి కోసం ఏ పీఆర్వో ఫోన్ చేయడు మరి.

వీటిలో సీట్లు తక్కువే, ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల ఫీజులు మధ్యతరగతికి అందేవీ కావు. అందుకే ఇంటర్ నుంచే మార్పు రావాలి. ఎంపీసీ విద్యార్థి చరిత్రో, ఆర్థికశాస్త్రమో, చిత్రలేఖనమో కూడా నేర్చుకునే వీలు నిబంధనల్లో ఉంటే చాలదు, టైమ్‌టేబుల్లో దానికి పీరియడ్ ఉందో లేదో ఇంటర్ బోర్డు అధికారులు కాలేజీలకు వెళ్లి చూడాలి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో తెలుగు, చరిత్ర అధ్యాపకుల ఖాళీలను కూడా దీంతోపాటే భర్తీ చేయాలి. పాఠం చెప్పే మనిషి లేని సీటులో చేరమని ఏ తల్లికీ, తండ్రికీ మనం చెప్పలేం.