కుట్రదారుల కష్టాలు ఎవరికి పట్టాయి?

ప్రపంచాన్ని తెర వెనక ఉండి నడిపిస్తున్న ఆ రహస్య బృందాన్ని అందరూ తిట్టేవాళ్ళేగానీ, వాళ్ళ పని ఒత్తిడి గురించి ఆలోచించినవాళ్ళు ఒక్కరూ కనబడరు. ఎన్నికల ఫలితాలు తారుమారు చెయ్యాలి. తుఫాన్లు పుట్టించాలి. వైరస్ వదలాలి, వదలకముందే టీకా రెడీగా పెట్టుకోవాలి. ఏ దేశాధినేతైనా గుట్టుగా పోతే డూపును దించాలి. ఆ డూపు చెవి తేడాగా ఉందని ఎవరో ఫొటో మీద ఎర్ర సున్నా చుట్టేలోపు సర్దుకోవాలి. సెలవులు కూడా ఉన్నట్టు లేవు. అందుకే వాళ్ళ తరఫున నాలుగు మాటలు మాట్లాడదామని కూర్చున్నాను.

మొదటి సమస్య సిబ్బంది. మనిషి చంద్రుడి మీదకి వెళ్ళనేలేదు, అంతా స్టూడియోలో తీశారన్న కథే తీసుకోండి. అపోలో పథకంలో నాసా ఉద్యోగులు, కాంట్రాక్టర్ల మనుషులు కలిపి సుమారు 4 లక్షలమంది పనిచేశారు. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల్లోంచి అంతమందిని ఏరి, అర్ధ శతాబ్దం పైగా నోరు మూయించడమంటే మాటలా? రిటైరయ్యాక ఒక్కడైనా ఆత్మకథ రాసుకోడా? డేవిడ్ రాబర్ట్ గ్రైమ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త 2016లో దీనికో లెక్క కట్టాడు: అంతమందికి తెలిసిన గుట్టు నాలుగేళ్ళలోపే రట్టవుతుందట. (ఆ లెక్కలోని ఊహల మీద తగాదాలున్నాయి, అది వేరే సంగతి.) పైగా ఇందులో సోవియట్ యూనియన్‌కి కూడా వాటా ఉండి తీరాలి. తప్పు దొరికితే దండోరా వేయించాల్సిన ప్రత్యర్థే ఓటమిని దిగమింగి ఊరుకుందంటే, మాస్కోకి ఎంత ముట్టిందో ఆ పద్దు కూడా చూపించాలి కదా.

రెండోది నైపుణ్యం. ఇక్కడే నాకు అసలు బెంగ. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, ప్రతిపక్షం ఆఫీసులోకి అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తరఫు మనుషులు ఐదుగురు దూరారు. అంతకుముందు దూరినప్పుడు పెట్టిన దొంగ మైకు సరిగా పనిచెయ్యక మళ్ళీ రావాల్సొచ్చింది. తలుపు మూసినా గడియ పడకుండా టేపు అంటించారు. కాపలాదారు దాన్ని చూసి, పీకేసి, తన దారిన పోయాడు. కాసేపాగి వచ్చి చూస్తే అదే తలుపుకి మళ్ళీ టేపు! పోలీసులొచ్చి పట్టుకుంటే, వాళ్ళ అడ్రసు పుస్తకాల్లో శ్వేతసౌధంతో సంబంధమున్న మనిషి పేరు దొరికింది. ఇక దాన్ని కప్పిపుచ్చడానికి అధ్యక్షుడు నిక్సన్ ఆడిన మాటల్ని రికార్డు చేసింది ఏ శత్రుదేశపు గూఢచారో కాదు, ఆయన తన ఆఫీసులో తానే పెట్టించుకున్న మెషీన్లు. 1974 ఆగస్టులో రాజీనామా చేసి ఇంటికి పోయాడు.

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది ఇంకా జాలి కథ. మనుషులకి తెలియకుండా ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఇచ్చి, మనసును లొంగదీసుకోవచ్చేమోనని ప్రయోగాలు చేసిన ఎంకే అల్ట్రా పథకం ఎవరి కల్పనా కాదు, పచ్చి నిజం. 1973లో ఆ ఫైళ్ళన్నీ నాశనం చెయ్యమని డైరెక్టర్ రిచర్డ్ హెల్మ్స్ ఆదేశించాడు. చేశారు. తీరా 1977లో సమాచార చట్టం కింద అడిగితే వేల పేజీలు బయటపడ్డాయి. ఎక్కడ? ఖర్చుల లెక్కలు భద్రం చేసే చోట. గుట్టు కాపాడే గూఢచారులంతా ఒకవైపు, బిల్లు లేనిదే పైసా కదలదనే అకౌంట్స్ విభాగం ఒకవైపు. గెలిచింది అకౌంట్సే.

"చూశారా, కుట్రలుంటాయని మీరే ఒప్పుకున్నారు" అని ఇక్కడ ఎవరో ఒకరు లేస్తారు. ఒప్పుకున్నాను. కానీ అవి బయటపడ్డ తీరు చూడండి: ఓ కాపలాదారు, పట్టు వదలని విలేకరులు, సెనేట్ కమిటీలు, పాత బిల్లులు. వాటికి పేర్లున్నాయి, తేదీలున్నాయి, సంతకాలున్నాయి. చెవి చుట్టూ గీసిన ఎర్ర సున్నాతో బయటపడ్డ కుట్ర నాకైతే ఒక్కటీ కనబడలేదు.

సున్నాలు చుట్టేవాళ్ళ ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. 2016 అమెరికా ఎన్నికలప్పుడు హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి ఈమెయిళ్ళు లీకయ్యాయి. వాటిలో పిజ్జా, చీజ్ అన్న మాటలు కనబడగానే అవి రహస్య సంకేతాలని మేధావులు తేల్చేశారు. తిండి గురించి రాసినవాళ్ళు తిండి గురించే రాసుంటారన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. వాషింగ్టన్‌లో ఒక పిజ్జా రెస్టారెంటు నేలమాళిగలో పిల్లల్ని బంధించారని కథ అల్లారు. ఆ డిసెంబరులో ఒకాయన వాళ్ళని విడిపించడానికి రైఫిల్ పట్టుకుని లోపలికెళ్ళి కాల్పులు జరిపాడు. అదృష్టం, ఎవరికీ తగల్లేదు. పిల్లలు లేరు. ఆ మాటకొస్తే ఆ రెస్టారెంటుకి నేలమాళిగే లేదు. తనకందిన సమాచారం నూటికి నూరు శాతం సరైనది కాదని ఆయన తర్వాత న్యూయార్క్ టైమ్స్‌తో అన్నాడు. నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది. కథ అంతటితో ఆగిందా? ఆయన నటుడనీ, నిజాన్ని నవ్వులపాలు చెయ్యడానికి వాళ్ళే పంపారనీ ఇంకో కథ పుట్టింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపిస్తే, అది సీఐఏ అతికించింది.

కెనెడీ హత్య సంగతైతే చెప్పక్కర్లేదు. సీఐఏ, మాఫియా, క్యూబా, సోవియట్లు, సొంత ఉపాధ్యక్షుడు... ఇన్ని కథలూ నిజమైతే 1963 నవంబరు 22న డాలస్‌లో చూడ్డానికొచ్చిన జనం కన్నా కాల్చడానికొచ్చినవాళ్ళే ఎక్కువుండాలి.

నాకు అర్థమైనంతవరకు, ఈ నమ్మకాల్లో ఒక ధైర్యం ఉంది. దుర్మార్గుడైతేనేం, తెర వెనక సమర్థుడొకడు ఉన్నాడు, అంతా ప్లాన్ ప్రకారమే జరుగుతోంది! తెర వెనక కూడా టేపు సరిగ్గా అంటించడం రానివాళ్ళే ఉన్నారంటేనే అసలు టెన్షన్.

ఎవరైనా ఇలాంటి కథ మోసుకొస్తే నేను అడిగేది ఒక్కటే: "ఏం చూపిస్తే ఇది తప్పని ఒప్పుకుంటారు?" ఫలానాది చూపించమనేవాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడొచ్చు. ఎక్కువమంది మాత్రం "నీకెంత ముట్టింది?" అంటారు. ఇంకా ముట్టలేదండీ. రహస్య బృందంవారు ఇది చదువుతుంటే, బాకీ త్వరగా ఇప్పించాలనీ, ఇచ్చేటప్పుడు వోచరు మీద సంతకం మాత్రం పెట్టించుకోవద్దనీ మనవి.