సవరణ: ఆ ఫెలోషిప్ అమెరికాలో పీహెచ్‌డీ సీటు కాదు

అమెరికన్ స్టడీస్ విద్యార్థుల కోసం మొన్న పెట్టిన పోస్టులో, ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే అమెరికా యూనివర్సిటీలోనే పీహెచ్‌డీ చేయొచ్చని రాశాను. అది తప్పు. పేరు చూసి ఊహించుకుని రాసేశాను, నిబంధనలు చదవలేదు.

మన దేశంలో ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్‌లు చూసే ఢిల్లీలోని యూఎస్‌ఐఈఎఫ్ (యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్) ఇచ్చిన దరఖాస్తు సూచనల ప్రకారం, ఇది మన దేశంలో ఇప్పటికే పీహెచ్‌డీకి రిజిస్టరైన వాళ్లకి మాత్రమే. 6 నుంచి 9 నెలలు ఏదైనా అమెరికన్ విద్యాసంస్థలో ఉండి, అక్కడి లైబ్రరీలు, ఆర్కైవులు వాడుకుని తమ పరిశోధన పని చూసుకుని రావాలి. పట్టా ఇచ్చేది మాత్రం ఇక్కడి యూనివర్సిటీయే. ఎం.ఏ. కాగానే అప్లై చేస్తామని అడిగినవాళ్లు ముందు ఇక్కడ పీహెచ్‌డీలో చేరాలి. ఇంకోటి, వెళ్లేది జె-1 వీసా మీద, అంటే ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల మీద వెళ్లేవాళ్లకి ఇచ్చే తాత్కాలిక వీసా. తిరిగొచ్చాక మొత్తం 2 ఏళ్లు స్వదేశంలో ఉండనిదే హెచ్-1బీ గానీ గ్రీన్‌కార్డు గానీ మామూలుగా రాదు. ఇంట్లో వాళ్లకి ఈ ముక్క ముందే చెప్పి పెట్టుకోండి.

అదే పోస్టులో ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌ని పాత పేరుతోనే రాశాను. 1964లో మొదలైనప్పటి పేరది. ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్, అంటే ఓయూసీఐపీ. ఆటోవాళ్లకి మాత్రం ఏ పేరు చెప్పినా ఒకటే, ఆర్ట్స్ కాలేజీ దగ్గర దింపేస్తారు.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు ఇది కూడా పంపండి.