వల కన్ను ఒక్కటే చాలదు

పగడపు దిబ్బల దగ్గర చిన్న మత్స్యకారుల వేటను వల కన్ను (వల దారాల మధ్య ఖాళీ) పరిమాణంతోనే నియంత్రించవచ్చన్న వ్యాస రచయిత అభిప్రాయం నాకు అసంపూర్ణంగా తోచింది. ఒడ్డుకు లాగే అలివి వల ఎదగని చేప పిల్లలను ఊడ్చుకురావడమే కాక పగడాలనూ విరుస్తుందన్నది నిజమే. కానీ ఒక్కో పద్ధతికి ఒక్కో రకం చేపలు పడతాయి: గాలానికి ఎక్కువగా చిక్కేవి ఇతర చేపలను తినే జాతులు. నీటిలో ఉంచే బోనుల్లోనూ, ఈటె వేటలోనూ పగడాలపై నాచును మేసే చిలుక చేపల వంటివి గణనీయంగా పడతాయి. ఈటెతో వేటగాడు చేపను చూసి ఎంచుకుంటాడు కనుక అది మేలైన పద్ధతని వాదించేవారున్నారు గానీ, అతడు ఎంచుకునేది సహజంగా పెద్ద చేపనే, అంటే సంతానోత్పత్తికి ముఖ్యమైన చేపనే (రాత్రివేళ నిద్రలో ఉన్న చేపలైతే మరీ సులభంగా దొరుకుతాయి). బోనుకు సన్నని నిలువు సందు పెడితే చేప పిల్లలూ, అమ్ముడుపోని పలుచని చేపలూ తప్పించుకుంటాయి. ఏ వేట పద్ధతినైనా నిషేధించే ముందు ఇటువంటి మార్పులను పరిశీలించాలి.