కాస్త కారనివ్వు

రాత్రి పడుకోబోతుంటే, మా రేసుగుర్రాల లాయంలో గుర్రాల బాగోగులు చూసే సీనియర్ సైసు అన్న తలుపులోంచి తల పెట్టి ఒకే మాట చెప్పాడు. "ఆవరణలో కుళాయి కాస్త కారనివ్వు. కదిలే నీళ్లు తొందరగా గడ్డకట్టవు."

ఈ 'కాస్త'కు కొలత లేకపోవడమే మొత్తం గొడవకు మూలం. చారులో కాస్త ఉప్పు అన్నట్టు చుక్కచుక్కగా అని ఆయన ఉద్దేశం. నేను మాత్రం చిటికెనవేలంత ధార వదిలి, మంచి పని చేశానన్న తృప్తితో రెండు దుప్పట్లు కప్పుకున్నాను. నీళ్లు పోవాల్సిన తూము మోకాలి లోతు మంచు కింద ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

పొద్దున ఐదింటికి తలుపు తీసి ఒక అడుగు వేశాను. రెండో అడుగు నేను వేయలేదు, అదే వెళ్లిపోయింది. బకెట్‌తో సహా నాలుగో గది దాకా కూర్చునే ప్రయాణం చేశాను. ఆవరణంతా అద్దం! అన్న మాట మాత్రం నిజమే, కుళాయి గడ్డకట్టలేదు.

అసలు బాధ ఏమిటంటే, ట్రైనర్ గారు రాత్రంతా నిద్రమాని, గంటగంటకీ ట్రాక్టర్‌తో దంతె లాగుతూ గ్యాలప్ ట్రాక్‌ను కాపాడుకున్నారు. మైనం పట్టించిన ఇసుక అది. కదుపుతూ ఉంటే గట్టిపడదు. ట్రాక్ సిద్ధం, గుర్రాలు సిద్ధం, మధ్యలో నా చేతి చలవ. లాడాలు కొట్టిన ఐదొందల కిలోల జంతువును అద్దం మీద నడిపించే ధైర్యం ఎవరికుంది?

పని లేని రోజు ఓట్స్ తగ్గించాలి, లేకపోతే మళ్లీ పరుగుకు దింపినప్పుడు కండరాలు పట్టేస్తాయి. తగ్గించాం. ఆ సంగతి తెలిసిన గుర్రాలన్నీ తలుపులు తన్నడం మొదలుపెట్టాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు, మరి వీటికి కళ్లు బాగానే ఉన్నాయాయె.

అద్దం కరగాలని చల్లితే, ఉన్న ఉప్పు బస్తా రెండు గదుల ముందే అయిపోయింది. 1962-63 చలికాలంలో బ్రిటన్‌లో రెండు నెలలకు పైగా రేసులు దాదాపు ఆగిపోయినప్పుడు, కొందరు ట్రైనర్లు గుర్రాలను సముద్రపు ఒడ్డున పరిగెత్తించారు. ఉప్పునీళ్లు తడిపిన ఇసుక అంత తేలిగ్గా గడ్డకట్టదు కదా. మాకు సముద్రం లేదు. లద్దె ఉంది.

గదుల్లోంచి తీసిన పాత గడ్డి, లద్దె తోపుడు బండ్లతో తెచ్చి ఆవరణలో గుండ్రంగా మందంగా పరిచాం. రోజూ "తీసి అవతల పారేయ్" అనిపించుకున్న సరుకుకు ఆ పూట ఎర్ర తివాచీ హోదా! గుర్రాలు దాని మీద దర్జాగా చుట్లు కొట్టాయి. పక్కనున్న మంచులో కాలు పెట్టినదల్లా డెక్కల కింద మంచు ముద్ద కట్టి, హైహీల్స్ వేసుకున్నట్టు తూలింది. డెక్క ఒళ్లో పెట్టుకుని, కొక్కెంతో పొడిచి ముద్దను ఊడదీస్తే, లాడం అచ్చుతో సహా రాయిలా ఊడిపడింది. ఆ గుంటలో రెండు వేళ్లతో వాజలీన్ పూస్తే మళ్లీ అంటుకోదు. నేను వంగి ఆ సేవలో ఉండగా, మేము రాజావారు అని పిలిచే గుర్రం నా మఫ్లర్‌ను సగం దాకా నమిలింది. ఓట్స్ కోత నా ఖాతాలో వేసిందేమో.

ట్రైనర్ గారు వచ్చి, గడ్డి చూసి, అద్దం చూసి, నన్ను చూశారు. ఒక్క మాటా అనలేదు. తిడితే బాగుండేది.

ఆ రాత్రి కుళాయి దగ్గర అన్నను పట్టుకున్నాను. "కాస్త అంటే నిమిషానికి ఎన్ని చుక్కలన్నా?"

అన్న నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు దాన్ని ముట్టుకోకు" అంటూ తనే కుళాయి బిగించేసి వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి పైపు రాయి. ఒక్కో గుర్రానికి రోజుకు పాతిక లీటర్లకు పైనే కావాలి. పైగా చలికి తాగడం తగ్గిస్తే తిన్న గడ్డి కడుపులో గట్టిపడి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి, గోరువెచ్చగా ఇచ్చి బతిమాలాలి. వంటగదిలోంచి బకెట్లు మోస్తూ అన్న వగరుస్తున్నాడు. వెనకే నేను, రెండు చేతులా రెండు బకెట్లతో, కూనిరాగం తీస్తూ.